నాలుగో సన్నాయి

కమాలుద్దీన్ చెంపకు పట్టించిన సబ్బు నురుగు ఆరకముందే ఐలన్న కత్తిని తోలుపట్టీ మీద నాలుగుసార్లు అటూ ఇటూ లాగి, బొటనవేలి గోటి మీద పదును చూసుకున్నాడు. సంగారెడ్డి కచేరి గోడ నీడ పొద్దున పూట పొడుగ్గా పడుతుంది. ఆ నీడ కురచయ్యేలోగా ఎన్ని గడ్డాలు అయితే అన్ని. తరువాత ఎవరు వచ్చినా ఇవాళ కూర్చోడు. పోతిరెడ్డిపల్లిలో వెంకటేశం పటేలు బిడ్డ పెళ్లి. ముహూర్తం మిట్టమధ్యాహ్నానికి. మేళం ఐలన్న వాళ్లది.

ఐలన్నకు యాభై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి. మెడ, చేతులు, కాళ్లు ఎండుకట్టెల్లా ఉంటాయి. బుగ్గలు మాత్రం ఇంకెవరివో తెచ్చి అతికించినట్టు వదులుగా జారి ఉంటాయి. ముప్ఫై ఏళ్లు గాలి నిలవబెట్టిన బుగ్గలు అవి. మాట్లాడేటప్పుడు కదులుతాయి, నవ్వేటప్పుడు ముడతలు పడతాయి. పని చేసేటప్పుడు మాత్రం ఆయన వాటిని లోపలికి పీల్చుకుని పెట్టుకుంటాడు, ఎదుటివాడి గడ్డానికి తానే ఒదిగినట్టు.

"అరె ఐలన్నా, ఒక్క మాట అడుగుత," అన్నాడు కమాలుద్దీన్. ఎదురుగా ఉన్న దర్జీ దుకాణం ఆయనదే. "మీ తమ్ముడు యాదగిరికి నోరు ఒక్కటే గదా? సన్నాయిలు నాలుగెందుకు?"

"మాట్లాడకు భాయ్, తెగుతది."

"తెగనీ. జెర చెప్పు."

ఐలన్న కత్తి మీది నురుగును గుడ్డకు తుడిచాడు. "నీ దుకాన్ల కత్తెర్లెన్ని?"

"మూడు. గుడ్డకొకటి, కాజాలకొకటి, మా బేగంకు దొరక్కుంట దాచిపెట్టింది ఒకటి."

"గదే మరి."

ఇద్దరూ నవ్వారు. ఐలన్నకు ఆ ప్రశ్న ఎవరడిగినా ఇష్టమే. చెంప అవతలి వైపు తిప్పి, కత్తి నడుస్తుండగానే మెల్లగా చెప్పుకొచ్చాడు. పెళ్లివారికి ఎదురెళ్లే ఎదురుకోళ్లకు పొట్టి సన్నాయి. దాని గొంతు సన్నన, డోలును, జనం గోలను దాటి వాడ చివర దాకా పోతుంది. ఆడవాళ్లు పాట అందుకుంటే పొడుగు సన్నాయి. వాళ్ల గొంతుకు తగ్గట్టు కింద నుంచి పలుకుతుంది. పుస్తె కట్టే వేళకు నల్ల సన్నాయి. దానికి సాటి మెదక్ జిల్లాలోనే లేదు.

"నాలుగోది?"

"నాలుగోది మా నాయినది." కత్తి ఒక్క క్షణం ఆగింది. "అది నాది భాయ్. ఇయ్యాల ఊదుత."

కమాలుద్దీన్ నురుగు మొహంతోనే వెనక్కి తిరిగి చూశాడు. "నువ్వా? ముప్ఫై ఏండ్ల సంది ఒక్కటే కూత కూసుకుంట కూసున్నోనివి, నీకు పాటొస్తదా?"

"రాకుంటే ఇగ నువ్వే గొట్టు సీటీ," అన్నాడు ఐలన్న.

ఆ ఒక్క కూత పేరు సుతి. సన్నాయి పక్కన కూర్చుని, పాట మొదలైన దగ్గర నుంచి ఆగేదాకా ఒకే ఒక్క స్వరాన్ని తెగకుండా ఊదడం. సుతి సన్నాయికి వేళ్లతో పని లేదు. దాని రంధ్రాలను తేనె మైనంతో మూసి, ఎంత మూస్తే స్వరం అంత దిగేలా సరిచేసుకుంటారు. బుగ్గల్లో గాలి నిలబెట్టి, అది పోతుండగానే ముక్కుతో లోపలికి తీసుకోవాలి. ఊపిరి తీసుకున్నట్టు ఎదుటివాడికి తెలియకూడదు. సన్నాయి వాడి దగ్గర ఎన్ని సన్నాయిలుంటే సుతి వాడి దగ్గర అన్ని సుతులుండాలి, ఒకదాని సుతి ఇంకోదానికి కలవదు. ఐలన్న దగ్గర మూడున్నాయి. పెళ్లికి వచ్చినవాళ్లు యాదగిరి వేళ్లను చూస్తారు, సత్తయ్య డోలును చూస్తారు. ఐలన్నను ఎవరూ చూడరు. ఆయన ఆగిపోతే తప్ప.

చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ సన్నాయే నేర్చుకున్నారు. ఐలన్నకు ఇరవై నిండకముందే తండ్రి రామన్న ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. "వేళ్లు చిన్నోనియి మంచిగున్నయి. ఊపిరి పెద్దోనిది మంచిగున్నది. సుతి లేకుంటే మేళం లేదు. ఐలయ్యా, నేనున్నన్ని దినాలు నువ్వు సుతి పట్టు. నేను పోయినంక నా సన్నాయి నీది." సత్తయ్య అప్పుడు అక్కడే ఉండి డోలు తోలు బిగిస్తున్నాడు. ఐలన్న చేతిలోని సన్నాయిని తమ్ముడి ముందు పెట్టి సుతి తీసుకున్నాడు.

రజాకార్ల గడబిడల ఏడు, ఊళ్లో ఉండలేక అంతా వెలిమెలకు వెళ్లిపోయినప్పుడు, ఇంట్లో గిన్నెలు, గింజలు వదిలేసి ఐలన్న వాయిద్యాల సంచీని నెత్తిన పెట్టుకుని నడిచాడు. రామన్న అక్కడే చనిపోయాడు. తిరిగి వచ్చాక రెండు కాపురాలు ఏడాదిపాటు ఒకే ఇంట్లో ఉన్నాయి. అప్పుడే యాదగిరి తండ్రి సన్నాయిని ఎర్రగుడ్డలో చుట్టాడు. వాళ్ల ఇళ్లల్లో పోయినవాడి వాయిద్యాన్ని అలా చుట్టి పెట్టి, హక్కుదారు పదిమందిలో, ఒక పెళ్లి పందిట్లో విప్పి ఊదేదాకా ముట్టుకోరు. దసరాకు మిగతావాటితో పాటు మూటకే బొట్టు పెడతారు. "తీస్తవు తియ్యి అన్నా. సుతికి ఇంకో మనిషి దొరకనీ," అన్నాడు యాదగిరి. మనిషి దొరకలేదు. తొమ్మిది దసరాలు గడిచాయి. గుడ్డ చివర నుంచి బయటికి కనిపించే, సన్నాయి కొసన ఉండే ఇత్తడి గిన్నె అంచుకు కుంకుమ పెట్టి ఐలన్న తొమ్మిదిసార్లు నుదురు ఆనించాడు.

నల్ల సన్నాయి కూడా ఆ ఏడే ఇంటికి వచ్చింది. బీదరులో ఎవరో ఉస్తాదు దగ్గర నుంచి తెచ్చానన్నాడు యాదగిరి. నల్లటి లక్కపూత, కొత్త ఇత్తడి కట్లు, మిలమిలలాడే గిన్నె. కొత్తదానికి సుతి ఎలా కలుపుతానో అని ఐలన్న రెండు రోజులు నిద్రపోలేదు. తీరా కూర్చుంటే తన పాత సుతి, రామన్న సన్నాయితో పాటు ఒకే సండ్ర మొద్దు నుంచి తీయించిన సుతి, చిటికెడు మైనం పెట్టకుండానే దానితో కలిసిపోయింది. రెండు స్వరాలని చెవికి తెలియలేదు. ఆ రోజు ఐలన్న కళ్లు తుడుచుకుని, "నాయినే వచ్చి కూసున్నట్టున్నది తమ్మీ," అన్నాడు. యాదగిరి తల వంచుకుని సన్నాయి పీక సర్దుకున్నాడు.

ఇప్పుడు, నెల కిందట, కొత్త పైసలు వచ్చిన ఈ ఎండాకాలంలో, యాదగిరి హైదరాబాదు నుంచి సుతిపెట్టె తెచ్చాడు. చెక్కపెట్టె, వెనకాల తోలుతిత్తి. చేత్తో ఆడిస్తే చాలు, పెట్టె స్వరం పట్టుకుని కూర్చుంటుంది. యాదగిరి బావమరిది చిన్నరాములు దాన్ని ఒక్క పూటలో నేర్చుకున్నాడు.

ఇంటికి వచ్చి స్నానం చేసి ఉతికిన అంగీ తొడుక్కుంటుంటే భార్య పుష్పమ్మ పొయ్యి ముందు నుంచే అంది: "గా పెట్టె నీ నోట్లె మన్ను గొట్టెటందుకే తెచ్చిండు నీ తమ్ముడు. నువ్వేమో పెండ్లికొడుకు లెక్క తయారయితున్నవు."

"పిచ్చిదానా, పెట్టె సుతి పడితే నా నోరు ఖాళీ అయితది. తెల్వదా?"

"ఊదుమన్నడా?"

"తలంబ్రాలైనంక సూద్దామన్నడు."

"సూద్దామన్నడు," అంది పుష్పమ్మ. గరిటె వెనుక వైపుతో పప్పును కుండ గోడకేసి నూరుతోంది. ఆమె పప్పుగుత్తి ఉమ్మడి కాపురంలో పోయింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, పొడుగు కాడది. తోడికోడలే తీసిందని తొమ్మిదేళ్లుగా ఆమె నమ్మకం. కొత్తది కొంటానంటే వద్దంది. పోయింది దొరికేదాకా గరిటెతోనే మెదుపుతానని పంతం. "ఆ ఇంటోళ్లు తీసుకున్నది ఏదన్న ఎనుకకిచ్చిన్రా?"

"పప్పుగుత్తి కాడికే తెస్తవు ఏ ముచ్చటైనా," అని నవ్వి ఐలన్న గూట్లో నుంచి చిన్న డబ్బా తీసుకున్నాడు. అందులో వారం రోజులు కూర్చుని చెక్కిన, సన్నాయి నోట తొడిగే రెల్లు పీక ఉంది. అంచులు ఉల్లిపొర అంత పలచగా, వెలుగుకు పెడితే తేనెరంగుగా కనిపిస్తుంది. కొత్త పీకను ఏ సన్నాయికి చెక్కితే ఆ సన్నాయికి తొడిగిన తరువాతే నోట పెట్టాలని తండ్రి నేర్పాడు. ఐలన్న దాన్ని పెదవులకు తాకించలేదు. డబ్బా అంగీ జేబులో పడింది. పెళ్లికొడుకు గోళ్లు తీయడానికి కత్తుల పెట్టె చంకన, మూడు సుతుల సంచీ భుజాన. పోతిరెడ్డిపల్లి బాట పట్టాడు.

పటేలు ఇంటి ముందు పచ్చని పందిరి. దాని కింద కూడా వేడి కుంపటిలాగే ఉంది. పెళ్లికొడుకు గోళ్లు తీసి, కాళ్లకు పసుపు రాసి ఐలన్న మేళం చాపకు చేరుకున్నాడు. యాదగిరి సంచీలో నుంచి సన్నాయిలు ఒక్కొక్కటే తీసి వరుసగా పెట్టాడు. పొట్టిది, పొడుగుది, నల్లది. చివరన ఎర్రమూట. అది కూడా వచ్చిందని చూసి ఐలన్నకు ఛాతీ నిండింది. ఏ పెళ్లికైనా వస్తుంది గాని, ఇవాళ దాన్ని చూడటం వేరు.

"ఏమ్రా యాదిగా, గీ పెట్టె ఏంది?" అన్నాడు వెంకటేశం పటేలు అటుగా పోతూ.

"సుతిపెట్టె పటేలా. పట్నంల అందరూ గిదే పెడుతున్నరు."

"మరి ఐలిగాడు ఎందుకు?"

యాదగిరి నవ్వాడు. చిన్నరాములు కూడా నవ్వాడు. "పెట్టె కొత్తది పటేలా. ఇయ్యాల రెండూ ఉండనీ అనుకున్న," అన్నాడు యాదగిరి.

ఐలన్న కూడా నవ్వాడు. ఎందుకో వాళ్లకు తెలియదు.

ఎదురుకోళ్లు అయ్యాయి. ముహూర్తానికి ఇంకా కాస్త వ్యవధి ఉందనగా యాదగిరి నల్ల సన్నాయి ఎత్తి ఒక పలుకు పలికించాడు. పలుకు వెంట ఈగ తిరిగినట్టు చిన్న జీర. మళ్లీ ఊదాడు. మళ్లీ జీర. ఎండకు కర్ర బీటలిచ్చింది. పీక కింద, మొదటి రంధ్రానికి పక్కగా, వెంట్రుకంత గీత.

"అన్నా, జెర కట్టు కట్టు. జల్దీ." వాయిద్యానికి ఏం జరిగినా సరిచేసేది ఐలన్నే.

ఐలన్న సన్నాయిని తీసుకుని, గీతను వేలితో తడిమాడు. ఆయన గొంతులో ఆశ దాగలేదు. "తమ్మీ, ఇదెందుకు? పుస్తె టైముకు నాయిన సన్నాయి తీద్దాం. పీక గూడ తయారున్నది."

"వద్దు." మాట గట్టిగా వచ్చింది. తరువాత మెల్లగా, "తొమ్మిదేండ్ల సంది గాలి తగలనిది, ఎట్ల పలుకుతదో ఏమో. మొదలు గిది గట్టు అన్నా. తర్వాత సూద్దాం."

అది నిజమేననిపించింది ఐలన్నకు. కత్తుల పెట్టె తెరిచాడు. లక్కపూత మీద మైనం నిలవదు. బీట చుట్టూ వేలెడు మేర పూతను గీకేసి, కర్ర మీద మైనం అద్ది, పైన పట్టుదారం బిగించాలి. సన్నటి కత్తి ఎంచుకుని, ఎవరి చెంపనో తాకినంత తేలిగ్గా గీకడం మొదలుపెట్టాడు. నల్లటి పొట్టు ఒళ్లో రాలింది. కింద నుంచి ఎర్రటి కర్ర బయటపడింది. సండ్ర. నూనె తాగి తాగి చిక్కబడిన పాత కర్ర.

ఇంకొంచెం గీకాడు. మొదటి రంధ్రం కింద, పక్కపక్కన, రెండు చుక్కలు కనిపించాయి.

కాల్చిన సూదితో పెట్టిన చుక్కలు. మొదటిది ఐలన్న పుట్టిన నాడు, రెండోది యాదగిరి పుట్టిన నాడు రామన్న తన సన్నాయి మీద పెట్టినవి. చిన్నప్పుడు తండ్రి ఒళ్లో కూర్చుని ఐలన్న ఆ చుక్కల మీద వేలు పెట్టి, "గిది నేను, గిది తమ్ముడు," అనేవాడు. మొదటి చుక్క కాస్త పెద్దది. చేయి వణికి అలా పడిందని తండ్రి చెప్పేవాడు.

ఐలన్న కత్తి ఆగింది. చుట్టూ పందిట్లో ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. పసుపు నీళ్ల వాసన వస్తోంది. పాత సుతి మైనం లేకుండా ఎందుకు కలిసిందో, నాయిన వచ్చి కూర్చున్నాడంటే తమ్ముడు ఎందుకు తల వంచుకున్నాడో, సుతికి ఇంకో మనిషి తొమ్మిదేళ్లు ఎందుకు దొరకలేదో, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆయన ముందు కూర్చున్నాయి. బీదరు లేదు. ఉస్తాదు లేడు. తన సన్నాయికే తాను తొమ్మిదేళ్లు సుతి పట్టాడు.

తల ఎత్తి చూశాడు. యాదగిరి ఆయన చేతులనే చూస్తున్నాడు. గీకిన చోటును చూశాడు, చుక్కలను చూశాడు, అన్న మొహం చూశాడు. ఏదో అంటాడని ఐలన్న ఎదురుచూశాడు. ఏ మాటైనా సరే. అబద్ధమైనా సరే.

"బీట మూసుకుంటదా?" అన్నాడు యాదగిరి.

ఐలన్న మైనం ముద్దను వేళ్ల మధ్య మెత్తబరిచాడు. బీటలోకి అద్దాడు. చుక్కల మీది నుంచే పట్టుదారం చుట్టాడు, ఒక చుట్టు పక్కన ఇంకో చుట్టు, సందు లేకుండా. ఎప్పుడూ ఎంత శ్రద్ధగా కడతాడో అంతే శ్రద్ధగా. చివర ముడి వేసి పంటితో దారం తెంపి, సన్నాయిని చాచాడు.

"మూసుకుంటది."

యాదగిరి ఊదాడు. జీర లేదు. "జీలకర్ర బెల్లం!" అని అరిచాడు అయ్యవారు. సత్తయ్య డోలు అందుకున్నాడు. చిన్నరాములు తిత్తి ఆడించాడు. ఐలన్న పాత సుతిని నోట పెట్టుకున్నాడు.

ఊదకుండా ఉండవచ్చు. కాని పక్కన పెళ్లిపిల్ల తలవంచుకుని కూర్చుంది, మూడు ముళ్లు పడాలి, ఎవరి పెళ్లో చెడగొట్టడం ఆయనకు చేతకాలేదు. బుగ్గలు నిండాయి. స్వరం వెళ్లి నల్ల సన్నాయి కింద చాపలా పరుచుకుంది. జీలకర్ర బెల్లం అయ్యింది, పుస్తె పడింది, అక్షతలు రాలాయి. ఐలన్న సుతి ఒక్కసారి కూడా తెగలేదు. ముప్ఫై ఏళ్లలో అంత నిండుగా ఎప్పుడూ ఊది ఉండడు. యాదగిరి కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు. చాలా బాగా వాయిస్తున్నాడు. ఆ సంగతి ఐలన్నకు మిగతా అందరికంటే ఎక్కువ తెలుసు, అదే ఎక్కువ నొప్పిగా ఉంది.

తలంబ్రాలు పోసుకున్నారు. నవ్వులు లేచాయి. యాదగిరి ఆగలేదు, అన్న వైపు చూడలేదు. ఒక పాట అయిపోతుండగానే ఇంకో పాట అందుకున్నాడు.

అప్పుడు ఐలన్న సుతిని నోటి నుంచి తీశాడు.

పందిట్లో ఎవరి తలా తిరగలేదు. పెట్టె స్వరం పట్టుకునే ఉంది. చిన్నరాములు చెయ్యి ముందుకూ వెనక్కూ ఆడుతోంది. పాట కింద ఏమీ తగ్గలేదు. ఐలన్న కొంచెంసేపు ఆ ధ్వనిని విన్నాడు. తరువాత చేయి చాచి ఎర్రమూటను ఒళ్లోకి తీసుకుని ముడి విప్పాడు. సత్తయ్య డోలు మీది నుంచి కళ్లెత్తలేదు. ఆయన కూడా ఇన్నాళ్లూ ఎరిగే ఉన్నాడని ఐలన్నకు ఆ వంచిన తలే చెప్పింది.

గుడ్డ లోపల రామన్న సన్నాయి తాలూకు పాత ఇత్తడి గిన్నె, అంచున తొమ్మిది దసరాల కుంకుమతో. సన్నాయి గొట్టం ఉండాల్సిన చోట, ఆ గిన్నెలో కాడ దూర్చి పెట్టిన పప్పుగుత్తి. పొడుగు కాడది. కాడ మీద పాత పప్పు మరక ఇంకా పసుపుగా ఉంది.

ఐలన్న గిన్నెను, పప్పుగుత్తిని వేరు చేశాడు. గుడ్డను చాప మీద పరిచి ముడతలు పోయేలా అరచేత్తో నిమిరాడు. పప్పుగుత్తిని, కత్తుల పెట్టెను చంకన పెట్టుకుని, చెప్పులు తొడుక్కున్నాడు.

పందిరి బయట విస్తర్లు మోస్తున్న అరుణమ్మ, పటేలు చెల్లెలు, ఆయన్ను ఆపింది. "బంతి లేస్తున్నది ఐలన్నా, తిని పో. గదేంది, పెండ్లికి పప్పుగుత్తి వెంటబెట్టుకొచ్చినవు?"

"మా ఇంటిదేనమ్మా," అన్నాడు ఐలన్న. "తప్పిపోయింది. ఇయ్యాల దొరికింది."

ఆమె నవ్వుతూ లోపలికి వెళ్లిపోయింది. ఆయన ఎండలో సంగారెడ్డి బాట పట్టాడు. ఆ తరువాత ఏ పెళ్లి పందిట్లోనూ ఆయన కూర్చోలేదు. తమ్ముడి ఇంటి గడప తొక్కలేదు. కచేరి గోడ నీడలో గడ్డాలు గీస్తూనే ఉన్నాడు. నాలుగు సన్నాయిలెందుకని మళ్లీ ఎవరైనా అడిగితే, మాట్లాడకు, తెగుతది అనేవాడు, అంతే.

ఆ రోజు పందిట్లో పాట ముగిసి, యాదగిరి చెమట తుడుచుకుంటూ పక్కకు తిరిగేసరికి అన్న కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఎర్రగుడ్డ మీద పాత ఇత్తడి గిన్నె, దాని పక్కన నోటి తడి ఇంకా ఆరని సుతి, ఆ సుతి పక్కన మూత తీసిన చిన్న డబ్బాలో, ఎవరి పెదవీ తాకని కొత్త రెల్లు పీక.